పోతును పోతే లేపుతుంది

స్క్రీన్ మీద ఉన్న ఈ మేకపోతుని కాస్త గమనించండి. తన మూత్రం తనే గడ్డం మీద, ముందు కాళ్ల మీద చిమ్ముకుంటోంది. ఇదిగో, ఆడమేక మూత్రం వాసన చూసి, మెడ ఎత్తి పై పెదవి ముడిచింది. చూసినవాళ్లు నవ్వుతోందనుకుంటారు. అంగిట్లో వాసన పట్టే ఒక అవయవం ఉంటుంది, ఆ వాసనను దానికి అందిస్తోంది. మేక ఎదలో ఉందో లేదో అలా పసిగడుతుంది.

జతకట్టే సీజన్ కాని నెలల్లో ఇదే పోతుని చూడాలి. పక్కనే మేక నిలబడ్డా దీని ధ్యాసంతా మేత మీదే! కంపు తగ్గుతుంది, వృషణాలు చిన్నబడతాయి, వీర్యం నాణ్యత పడిపోతుంది. పనికిరాదని అమ్మేసేవాళ్లున్నారు. తొందరపడకండి. భూమధ్యరేఖకు దూరంగా ఉండే చోట్ల జాతులకు ఇది మామూలే. రాత్రులు పొడవయ్యేకొద్దీ మెదడులోని పీనియల్ గ్రంథి చీకట్లో తయారయ్యే హార్మోన్ మెలటోనిన్‌ని ఎక్కువసేపు వదులుతుంది. దాన్ని బట్టి మెదడు, వృషణాల్ని పనిచేయించే ఎల్‌హెచ్ హార్మోన్‌ని పెంచితే, మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. చూడికాలం సుమారు 150 రోజులు కదా, శరత్కాలంలో కట్టిన మేకలు పచ్చగడ్డి మొలిచే వేళకి ఈనుతాయి.

మరి సీజన్ వచ్చేదాకా ఆగాల్సిందేనా? అసలు విషయం ఇక్కడుంది. ఉత్తర మెక్సికోలో పరిశోధకులు చలికాలం మొదట్లో కొన్ని పోతులకు రెండున్నర నెలలపాటు రోజుకు 16 గంటల వెలుతురు ఇచ్చి, ఆ తర్వాత మామూలు పగటికి వదిలేశారు. పగలు ఒక్కసారిగా తగ్గేసరికి వాటి ఒంటికి సీజన్ వచ్చేసినట్టే. మిగతా పోతులు చల్లబడి ఉన్న మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇవి మదం మీదున్నాయి. ఎదకు రాని మేకల్లోకి వదిలితే చాలా మేకలు కొద్ది రోజుల్లోనే ఎదకొచ్చాయి. మొదటి ఎద నిలవకపోతే కంగారుపడనక్కర్లేదు, 5, 6 రోజుల్లోనే మళ్లీ రావడం మామూలే.

నన్ను ఆశ్చర్యపరిచింది దీని తర్వాతది. మదం మీదున్న ఈ పోతుల్ని విశ్రాంతిలో ఉన్న పోతుల మధ్య ఉంచితే, అవి కూడా లేచాయి. వాటికి ఏ లైట్లూ వేయలేదు! ఎదలో ఉన్న ఆడమేకల్ని దగ్గరుంచినా చల్లబడిన పోతుల్లో టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. అంటే ఈ ప్రభావం ఒకవైపుదే కాదు.

వాసన సంగతి కూడా చెప్పాలి. 2014లో జపాన్ శాస్త్రవేత్తలు పోతు తల వెంట్రుకల దగ్గర 4-ఇథైల్‌ఆక్టనల్ అనే పదార్థాన్ని పట్టుకున్నారు. ఆడమేక మెదడులో సంతాన హార్మోన్లను నడిపే నాడుల్ని అది తట్టి లేపుతుంది. విచిత్రమేంటంటే దాని వాసన నారింజ, నిమ్మ జాతి వాసనట. గాలి తగిలి మారాక వచ్చేదే మనం ముక్కు మూసుకునే పోతుకంపు.

అయితే వాసన ఒక్కటే చాలదు. పోతు అరుపు, వెంటపడటం, ఒంటికి ఒరుసుకోవడం అన్నీ కలిస్తేనే పని గట్టిగా జరుగుతుంది. అందుకే కంచె అవతల కట్టేసి ఊరుకోకుండా మందలోకి వదలండి. వీర్యకణం తయారవడానికి దాదాపు ఏడు వారాలు పడుతుంది కాబట్టి, మేత పెంచడం, నులిపురుగుల మందు, గిట్టలు కోయడం వదలడానికి రెండు నెలల ముందే మొదలుపెట్టండి.