ఓక్ బల్లకు అనంతపురం ఎండ

అందరికీ నమస్కారం.

ఈ మధ్య మన అనంతపురంలోనూ ఓక్ చెక్క డైనింగ్ టేబుళ్లు, బీరువాలు కొంటున్నారు. కొన్నాక నీళ్లు పడకుండా చూసుకుంటారు, మంచిదే. కానీ ఇక్కడ వాటికి అసలు గండం ఎండతో, పొడిగాలితో.

ఫర్నిచర్‌కు వాడే ఓక్ ఎక్కువగా యూరప్, ఉత్తర అమెరికాల నుంచి వస్తుంది. మనదేమో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే నేల. బల్లగా మారాక కూడా చెక్క గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో కుంచించుకుంటుంది, సెప్టెంబరు వానలకు ఉబ్బుతుంది. నార వెంట పొడవు మారనట్టే, మార్పంతా అడ్డంలోనే. మూడడుగుల వెడల్పు పలకలో తేమ 2 శాతం తగ్గితే వెడల్పు 5, 6 మిల్లీమీటర్లు తగ్గొచ్చు. పలకను కదలకుండా స్క్రూలతో బిగించేస్తే అది బీటలు వారక ఏం చేస్తుంది? కొనేముందు వంగి బల్ల కింద చూడండి. స్క్రూ రంధ్రాలు కోలగా, పలక జరగడానికి వీలుగా ఉండాలి. లేకుంటే వడ్రంగితో అలా తీయించండి.

బల్లను కిటికీ ఎండకూ, కూలర్ గాలికీ ఎదురుగా వేయకండి. తడిగాలి ఒకే పక్క కొడితే పలక వంగుతుంది.

ఇంట్లో ఉంది కదా అని శెనక్కాయ నూనె పూస్తారు. దయచేసి వద్దు. అది ఆరి గట్టిపడదు, జిడ్డుగా ఉండిపోయి దుమ్ము పడుతుంది. వార్నిష్ ఉన్న బల్లకు గట్టిగా పిండిన మెత్తటి బట్ట, వెంటనే పొడిబట్ట చాలు. ఆయిల్ ఫినిష్ అయితే అవిసె నూనెతో చేసిన ఫర్నిచర్ ఆయిల్ పలచగా రాసి, కాసేపాగి మిగిలింది తుడిచేయాలి.

ఓక్‌లో టానిన్ ఎక్కువ. తోళ్లు పదును చేసే తంగేడు బెరడులో ఉండేదీ అదే. దానికి ఇనుము, తడి తోడైతే నల్లటి మరక పడుతుంది. తడి పెనం రాత్రంతా బల్ల మీద ఉంటే పొద్దున్నకి దాని అంచు నీలినలుపు గీతలా దిగి ఉంటుంది. అంట్లు తోమే ఇనుప పీచుతో రుద్దితే ఆ ముక్కలు చెక్కలో ఇరుక్కుని ఇంకా మచ్చలు పడతాయి.

చివరిగా ఒక ముఖ్యమైన జాగ్రత్త. అవిసె నూనె తుడిచిన బట్టలను ఉండచుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, మడతల్లో ఆ వేడి పోగై బట్ట దానంతటదే అంటుకుంటుంది. బయట నీడలో విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి మూతున్న రేకు డబ్బాలో వేయండి.