ముందు వాటం, తరువాతే రంగు

శ్రోతలకు నమస్కారం. ఈ మాటలు వింటూనే ఒక చిన్న పని చేయండి. రూపాయి బిళ్ల ఒకటి తీసుకుని, మీ స్నానాల గదిలో నేల మీది టైల్స్‌ను తట్టి చూడండి. టక్కుమని మోగితే గట్టిగా అతుక్కుని ఉన్నట్టు. డబ్బామీద కొట్టినట్టు వినిపిస్తే అది డొల్ల. వెనుక సిమెంటు సరిగా పట్టలేదన్నమాట.

మల్కాజిగిరిలో మా ఫ్లాటు పాతది. నిరుడు వేసవిలో తట్టి చూస్తే నేలలో సగం టైల్స్ డొల్లే. అప్పటికే కింది ఇంటి పెద్దావిడ ఒకసారి వచ్చి, "బాబూ, మీరు పైన స్నానం చేస్తే ఇక్కడ మా దేవుడి గది గోడ చెమ్మగిల్లుతోంది" అని చెప్పి వెళ్లారు. ఇక టైల్స్ తీసేసి కొత్తవి వేయక తప్పదనుకున్నాను. మేస్త్రీ కూలి మిగులుతుందన్న ఆశ కొంత, నేనే చేసి చూడాలన్న సరదా కొంత. పైపుల పని ప్లంబరుకు, గీజరు తీగలు ఎలక్ట్రీషియనుకు అప్పగించాను. ఆ రెండింటిలో సరదా పనికిరాదు.

అందరిలాగే నేనూ మొదట టైల్స్ దుకాణానికే పరుగెత్తాను. గుజరాత్‌లోని మోర్బీ నుంచి దిగిన రంగులన్నీ చూస్తూ ఒక పూట గడిపాను. వృథా. నీటిని ఆపేది టైలు కాదు, దాని కింద ఉన్న వాటర్ ప్రూఫింగ్ పూత. నీటిని బయటకు పంపేది నేల వాటం, అంటే వాలు. మా తాతగారి ఇంట్లో స్నానాల గదికి షాబాద్ బండలే ఉండేవి. రంగూ లేదు, మెరుపూ లేదు. చెంబెడు నీళ్లు గుమ్మరిస్తే మాత్రం తిన్నగా మూలనున్న తూములోకి వెళ్లిపోయేవి.

పాత టైల్స్ పగలగొట్టి, చెత్తంతా మూటలు కట్టి దించడానికే మూడు రోజులు పట్టింది. ఆ తరువాత నేలకూ, గోడల మీద అడుగు ఎత్తు వరకూ పూత వేశాను. మొదటి పూత నిలువుగా, అది ఆరాక రెండోది అడ్డంగా. నేలా గోడా కలిసే మూల దగ్గర తొందరపడకూడదు. కారడం మొదలయ్యేది ఎక్కువగా అక్కడే. పూత బాగా ఆరాక నహానీ ట్రాప్‌లో, అంటే నేల మీది నీళ్లు బయటకు పోయే తూములో, గుడ్డమూట కుక్కి, రెండంగుళాల ఎత్తున నీళ్లు నింపి, గోడ మీద పెన్సిలుతో గీత గీశాను. 48 గంటలు అలాగే వదిలేశాను. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లో అన్ని నీళ్లు ఊరికే నిలబెట్టడానికి మనసొప్పలేదు, కానీ ఈ పరీక్ష మానేస్తే మళ్లీ పగలగొట్టాల్సి రావచ్చు. రెండో రోజు పొద్దున్నే పెద్దావిడ ఫోను చేసి, "ఇంకా ఏమీ కారలేదు బాబూ" అన్నారు. గొంతులో కాస్త నిరాశ వినిపించిందేమో అనిపించింది.

వాటం లెక్క తేలికే. మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున నేల ట్రాప్ వైపు దిగాలి. మా గది పొడవు ఏడడుగులు, అంటే తలుపు దగ్గరి నుంచి ట్రాప్ వరకు సుమారు రెండు సెంటీమీటర్లు. దారం కట్టి, రసమట్టం పెట్టి చూసుకోవాలి. కంటిని నమ్మితే మోసపోతాం.

గోడకు సెరామిక్, నేలకు విట్రిఫైడ్ తీసుకున్నాను. సెరామిక్ టైలు నీటిని బాగా పీలుస్తుంది. సిమెంటు మాలుతో అతికించేటప్పుడు ముందుగా నానబెట్టకపోతే మాలులోని తడినంతా లాగేసుకుంటుంది. విట్రిఫైడ్ పీల్చేది అర శాతం లోపే కాబట్టి ఉత్త సిమెంటు పాలు దానికి పట్టవు. అందుకని ప్రత్యేకమైన జిగురు పొడి కలిపి, పళ్ల తాపీతో పరిచాను. ఏప్రిల్ ఎండలకు ఆ జిగురు చూస్తుండగానే బిగుసుకుపోయేది. తట్టెడు కలిపి సగం పారబోశాక, గిన్నెడు చొప్పున కలపడం నేర్చుకున్నాను. పది టైల్స్ వేశాక ఒకదాన్ని పైకి లేపి వెనుక చూశాను. జిగురు అంచుల దాకా పరుచుకుని ఉంటే సరే. మధ్యలో మాత్రమే ఉంటే నాలుగేళ్లకు మళ్లీ రూపాయి బిళ్లతో తట్టుకోవాలి.

సందుల్లో నింపే గ్రౌట్ గురించి ఒక్క మాట. మన బోరు నీళ్లతో టైల్స్ మీద తెల్లని చార కడుతుంది. అది పోవాలని యాసిడ్ పోస్తాం. ఆ యాసిడ్ సందుల్లోని సిమెంటును తినేస్తుంది, నీటికి దారి దొరుకుతుంది. సిమెంటుకు బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ ఖరీదు ఎక్కువే అయినా యాసిడ్‌ను మెరుగ్గా తట్టుకుంటుంది. అంటిన చోట వెంటనే తుడవాలి. ఆలస్యం చేస్తే టైలు మీద మరకగా ఉండిపోతుంది. మా అద్దం కింద ఇప్పటికీ ఉంది.

పని ముగిశాక స్టీలు గ్లాసుతో నీళ్లు పోసి చూశాను. అన్ని వైపుల నుంచీ ట్రాప్‌లోకి చేరాయి, బకెట్ పెట్టే మూల తప్ప. అక్కడ అరచేతి వెడల్పున నీళ్లు నిలబడ్డాయి. ఆ ఒక్క టైలు దగ్గర దారం పెట్టడం బద్ధకించాను. రోజూ స్నానం చేశాక అక్కడ వైపర్‌తో లాగుతున్నాను. వచ్చే వేసవిలో దాన్ని పగలగొట్టి మళ్లీ వేయాలి. నమస్కారం.