గిటార్ ప్రాసెసర్‌తో గొంతుకు ఎకో: మైకు ఎక్కడ గుచ్చాలి?

అందరికీ నమస్కారం. కడపలో ఆర్కెస్ట్రాల్లో పాడేవాళ్లు, చర్చిల్లో క్వయర్ నడిపేవాళ్లు, సౌండ్ సర్వీస్ తమ్ముళ్లు ఇంతమంది ఒకచోట కూర్చోవడం చాలా సంతోషంగా ఉంది. ఈమధ్య నన్ను అందరూ అడుగుతున్నది ఒకటే. "అన్నా, ఇంట్లో గిటార్ ప్రాసెసర్ ఉంది, దాంట్లో డిలే, రివర్బ్ అన్నీ ఉన్నాయి, పాటకు వాడుకోవచ్చా?" గిటార్ ప్రాసెసర్ అంటే గిటార్ శబ్దాన్ని రకరకాలుగా మార్చే పెట్టె. డిలే అంటే శబ్దం కాస్త ఆగి మళ్లీ వినబడటం, రివర్బ్ అంటే పెద్ద హాల్లో పాడినట్టు సాగి మోగడం. నిక్షేపంగా వాడుకోవచ్చు. పాటకని ఇంకో మిషన్ కొనక్కర్లేదు. కాకపోతే మైకును నేరుగా దాంట్లో గుచ్చకండి, మైకులన్నింటినీ కలిపే బోర్డు, అదే మిక్సర్ మీదుగా పంపండి.

నేరుగా ఎందుకు వద్దంటే, మనం వాడే ఎస్‌ఎం58 లాంటి డైనమిక్ మైకు ఇచ్చేది మిల్లీవోల్టుల్లో ఉంటుంది, గిటార్ పికప్ అంతకు చాలా రెట్లు ఇస్తుంది. ప్రాసెసర్‌ను ఆ గిటార్ లెవెల్‌కే తయారుచేశారు. మైకు పెడితే గొంతు సన్నగా వినిపిస్తుంది, సరే అని గెయిన్ పెంచితే గొంతుతోపాటు బుస్సుమనే శబ్దం కూడా పెరుగుతుంది. పైగా మైకు కేబుల్‌లో మూడు పిన్నులు ఉండేది ఊరికే కాదు. రెండు తీగల్లో ఒకే సిగ్నల్ తలకిందులుగా వస్తుంది కాబట్టి దారిలో పట్టుకున్న హమ్మింగ్ చివర్లో కొట్టుకుపోతుంది. దాన్ని గిటార్ కేబుల్‌కుండే మోనో జాక్‌కు మార్చిన క్షణం ఆ రక్షణ పోయినట్టే. కండెన్సర్ మైకైతే కేబుల్ గుండానే మైకుకు అందే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ లేకపోతే అసలు పలకదు, గిటార్ ప్రాసెసర్లలో చాలావాటికి అది ఉండదు. లైన్ 6 హెలిక్స్ ఫ్లోర్ లాంటి పెద్దవాటికి మైకు సాకెట్టు, ఫాంటమ్ రెండూ ఉన్నాయి, అది ఉన్నవాళ్ల సంగతి వేరు.

ఇక మిక్సర్ సంగతి. మైకు ఎప్పటిలాగే మిక్సర్ చానెల్‌లోకి వెళ్తుంది. ఆ చానెల్ మీద ఆక్స్ నాబ్ ఉంటుంది కదా, గొంతులో కొంత భాగాన్ని బయటి మిషన్‌కు పంపేది అదే. ఫేడర్ (చానెల్ శబ్దం పెంచి తగ్గించే స్లైడర్) తర్వాత తీసుకునే ఆక్స్ అయితే మేలు, ఎందుకంటే గొంతు తగ్గించినప్పుడు ఎకో కూడా దాంతోపాటే తగ్గుతుంది. ఆ ఆక్స్ అవుట్ నుంచి ప్రాసెసర్ ఇన్‌పుట్‌కు, ప్రాసెసర్ అవుట్ నుంచి మిక్సర్‌లో ఖాళీగా ఉన్న ఇంకో చానెల్ లైన్ ఇన్‌కు. ఆ రెండో చానెల్ మీద అదే ఆక్స్ నాబ్ మాత్రం కచ్చితంగా సున్నాలో ఉండాలి, లేదంటే ఎకో మళ్లీ ప్రాసెసర్‌లోకే తిరిగి వెళ్లి మైదానమంతా కుయ్యోమంటుంది. మిక్సర్ ఇచ్చే లెవెల్ గిటార్ కంటే ఎక్కువ కాబట్టి ఆక్స్ మాస్టర్‌ను సున్నా నుంచి మొదలుపెట్టి, సిగ్నల్ మితిమీరితే వెలిగే క్లిప్ లైటు వెలగకుండా మెల్లగా పెంచండి.

ప్రాసెసర్ లోపల ముందు ఆంప్, క్యాబినెట్ (గిటార్ ఆంప్లిఫైయర్‌ను, దాని స్పీకర్ పెట్టెను అనుకరించేవి) రెండూ ఆఫ్ చేయండి. చాలామంది దీన్నే వదిలేస్తారు, తర్వాత గొంతు దుప్పటి కప్పినట్టుందని నా దగ్గరికి వస్తారు. గిటార్ స్పీకర్ 5 కిలోహెర్ట్జ్ దాటాక దాదాపు చేతులెత్తేస్తుంది, క్యాబినెట్ సిమ్యులేషన్ కూడా దాన్నే అనుకరిస్తుంది. మన స అక్షరం పదును ఎక్కువగా ఆ పైనే ఉంది. నాయిస్ గేట్ కూడా తీసేయండి, అది చిన్న శబ్దాలను ఆపేసేది కాబట్టి పదాల చివర్లు కోసేస్తుంది.

డిలే, రివర్బ్ మిక్స్ మాత్రం పూర్తిగా 100కు పెట్టాలి, అంటే ప్రాసెసర్ నుంచి ఒట్టి ఎకో మాత్రమే రావాలి. అసలు గొంతు మిక్సర్‌లో ఉండనే ఉంది. ప్రాసెసర్ గుండా కూడా అదే గొంతు కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యంగా వచ్చి కలిస్తే గొట్టంలోంచి పాడినట్టు డొల్లగా వినిపిస్తుంది. ఇందుకే పాట మధ్యలో బైపాస్ నొక్కొద్దంటాను. చాలా ప్రాసెసర్లలో బైపాస్ అంటే మ్యూట్ కాదు, అసలు గొంతును నేరుగా వదిలేయడం. ఎకో వద్దనుకుంటే రెండో చానెల్ ఫేడర్ దించండి. చందాదారుల పేర్లు చదివేటప్పుడైతే తప్పకుండా దించాలి, డబ్బిచ్చిన మనిషికి తన పేరు స్పష్టంగా వినబడాలి కదా.

ఎకో ఎంత ఆలస్యంగా రావాలనేది పాట వేగాన్ని బట్టి. 60,000ను టెంపోతో, అంటే నిమిషానికి ఎన్ని బీట్లో ఆ అంకెతో, భాగిస్తే ఒక బీట్‌కు ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. టెంపో 120 అయితే 500, దాంట్లో సగం 250. జాతర మైదానంలో ఎదురుగా గోడలుండవు కాబట్టి రివర్బ్ ధారాళంగా ఇవ్వొచ్చు. మన ఫంక్షన్ హాళ్లలో మాత్రం అలా కుదరదు. కింద కడప బండలు, చుట్టూ నున్నటి గోడలు, పైన స్లాబు, అక్కడ చప్పట్లు కొట్టి చూడండి, ఎంతసేపు మోగుతుందో మీకే తెలుస్తుంది. దాని మీద మనం ఇంకో రివర్బ్ వేస్తే పాట ఒక్క ముక్క అర్థం కాదు. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి, ఆ అచ్చు సాగి తర్వాతి మాట మీద పడిపోతుంది. అలాంటి హాల్లో రివర్బ్ మానేసి చిన్న డిలే ఒక్కటే, అదీ తిరిగొచ్చే శబ్దంలో బేస్ తగ్గించి పెట్టండి.

గాయకుడే కాలితో నొక్కుతూ వాడుకోవాలంటే స్టేజి మీద మైకు ప్రీఆంప్ (మైకు సిగ్నల్‌ను పెంచేది), తర్వాత ప్రాసెసర్, ఆ తర్వాత డీఐ బాక్సు (ప్రాసెసర్ అవుట్‌ను మళ్లీ మైకు కేబుల్‌లో పంపేలా మార్చేది) పెట్టి మిక్సర్‌కు పంపొచ్చు. ఇక్కడ అసలు గొంతు కూడా ప్రాసెసర్ గుండానే రావాలి కాబట్టి మిక్స్ 100 కాదు, 20 దగ్గర మొదలుపెట్టండి. ఇప్పుడు రెండు పద్ధతులూ కనెక్ట్ చేసి ఉంచాను, పాడేవాళ్లు ఒక్కొక్కరుగా పైకి రండి.