ఫ్రీ థీమా, కొన్న థీమా? తెలుగు బ్లాగుకి వొత్తులే అసలు పరీక్ష

అందరికీ నమస్కారం అండి, విశాఖపట్నం నుంచి. మొదలుపెట్టే ముందు ఒక మాట. ఈ వీడియోలో కనిపించే పెయిడ్ థీమ్, అంటే బ్లాగు రూపాన్ని తయారుగా ఇచ్చే డిజైన్, కొన్నది కాదు. తయారుచేసిన కంపెనీ వాళ్లు రివ్యూ కోసం ఏడాది లైసెన్సు ఉచితంగా పంపారు. డబ్బు ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు. పేరు మాత్రం బయటపెట్టను. ఇప్పుడు చూపించబోయే లోపం ఆ ఒక్క థీమ్‌ది కాదు, తెలుగులో రాసేవాళ్లు ఏది కొన్నా ఎదురయ్యేదే.

ఎన్ని డెమోలు ఉన్నాయి, ఎన్ని రకాల మెనూలు ఉన్నాయి, ఇవన్నీ మీరు సేల్స్ పేజీలో చూసే ఉంటారు. వాటి జోలికి వెళ్లను. నేరుగా ఫోన్ స్క్రీన్ చూద్దాం.

ఇది హోమ్ పేజీ. పక్కపక్కన కార్డులు, ఒక్కో కార్డులో ఫోటో, కింద పోస్టు పేరు. రెండో కార్డు దగ్గర ఆపుతున్నాను, జూమ్ చేస్తాను. పోస్టు పేరు "సింహాద్రి అప్పన్న చందనోత్సవం". స్క్రీన్ మీద ఏముంది? "అపన". కింద ప వొత్తు లేదు, న వొత్తు లేదు. దాని పక్క కార్డులో విశాఖపట్నం కాస్తా "విశాఖపటం" అయిపోయింది. ఊరి పేరే తప్పు పడితే, చదివేవాళ్లు రాసినవాళ్లకి తెలుగు రాదనుకుంటారు గానీ థీమ్‌ది తప్పని ఎవరనుకుంటారండి?

ఎందుకు జరుగుతుందో చెప్తాను. ఈ థీమ్ హెడింగులకి లైన్ హైట్ 1.2 పెట్టింది. అంటే అక్షరం 28 పిక్సెళ్లు ఉంటే వరసకి దొరికే చోటు 33.6 పిక్సెళ్లు. ఇంగ్లీషుకి అది సరిపోతుంది. మనకి పైన గుడి, ఏత్వం, తలకట్టు, కింద వొత్తు, ఒక్కోసారి వొత్తు కింద ఇంకో వొత్తు. చోటు చాలదు. దానికి తోడు కార్డులో పేరు రెండు వరసలు దాటితే కత్తిరించమని ఇంకో ఆజ్ఞ ఉంది. ఆ కత్తెర సరిగ్గా రెండో వరస అడుగున పడుతుంది. వొత్తులు ఉండేది అక్కడే.

లోపలి పేజీలో కత్తెర లేదు, అక్కడ ఇంకో గొడవ. పై వరసలో "చందనోత్సవానికి" ఉంది, కింది వరసలో "కొండ మీదికి" ఉంది. త కింద స వొత్తు దిగి, కింది వరసలో గుడి మీద కూర్చుంది. రెండూ కలిసిపోయి ఒక నల్లటి మచ్చలా కనిపిస్తోంది చూడండి.

సరిచేయడం కష్టం కాదు. బ్లాగు నడిపే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్‌లో కస్టమైజర్ తెరిచి, రూపం మార్చే కోడు రాసే చోటు అడిషనల్ సీఎస్ఎస్‌లోకి వెళ్లండి. హెడింగులన్నిటికీ లైన్ హైట్ 1.5, మామూలు పేరాలకి 1.8 ఇవ్వండి. లెటర్ స్పేసింగ్ ఏమైనా ఉంటే సున్నా చేయండి. అక్షరాల మధ్య ఎడం పెంచడం ఇంగ్లీషులో సోకు, తెలుగులో పదం విడివిడిగా రాలిపోయినట్టుంటుంది. కత్తిరించే పెట్టెకి అడుగున 0.3 ఈఎమ్ ప్యాడింగ్, అంటే అక్షరం సైజులో 0.3 వంతు ఖాళీ, చేర్చండి. ఇతరుల మాటల్ని విడిగా చూపించే బ్లాక్‌కోట్ ఇటాలిక్‌లో ఉంటే ఫాంట్ స్టైల్ నార్మల్ చేయండి. మన ఫాంట్లకి సాధారణంగా ఇటాలిక్ ఉండదు కాబట్టి బ్రౌజరే అక్షరాన్ని పక్కకి వంచేస్తుంది. పేరాకి రెండు వైపులా సమానంగా సర్దే జస్టిఫై కూడా తీసేయండి. మన పదాలు పొడవు, బ్రౌజర్ వాటిని మధ్యలో విరవదు, ఫోన్‌లో పదాల మధ్య గుంతలు పడతాయి.

మొత్తం పదిహేను లైన్లు కూడా కాదు. డబ్బు తీసుకున్న థీమ్‌లో ఈ పదిహేను లైన్లు కొన్నవాళ్లు రాసుకోవాలా? నాకు కోపం అక్కడే వస్తోంది. అమ్మకం పేజీలో "అన్ని భాషలకూ సిద్ధం" అని పెద్ద అక్షరాలతో ఉంది. దానర్థం మెనూలో మాటల్ని అనువదించుకోవచ్చని మాత్రమే, తెలుగు లిపిలో పెట్టి చూశారని కాదు.

ఫాంట్ల సంగతి. సెట్టింగుల్లో వందల పేర్లు కనిపిస్తాయి. తెలుగు ఉన్నది ఎంచుకోకపోతే అక్షరాలు ఫోన్ సొంత ఫాంటులో వస్తాయి. ఆండ్రాయిడ్‌లో నోటో, ఐఫోన్‌లో కోహినూర్ తెలుగు, విండోస్‌లో నిర్మల. మూడు చోట్లా మూడు కొలతలు. మీ ల్యాప్‌టాప్‌లో బాగుందని వదిలేస్తే గాజువాకలో ఎవరి ఫోన్‌లోనో వొత్తు తెగుతుంది. రామభద్ర, మండలి, ఎన్‌టీఆర్ ఫాంట్లు చూడ్డానికి చాలా బాగుంటాయి, కానీ గూగుల్ ఫాంట్స్‌లో వాటికి ఉన్నది ఒక్కటే మందం. థీమ్ హెడింగుని బోల్డ్ చేయమంటే బ్రౌజర్ దొంగ బోల్డ్ చేస్తుంది, థ లోపలి చుక్క పూడిపోతుంది. రామభద్ర వాడితే ఫాంట్ వెయిట్ 400, అంటే మామూలు మందం, పెట్టండి. బోల్డ్ తప్పనిసరైతే నోటో సాన్స్ తెలుగు, అనేక్ తెలుగు, హింద్ గుంటూరు తీసుకోండి. అన్నీ ఒకేసారి వద్దు, హెడింగుకి ఒకటి, పేరాకి ఒకటి. తెలుగు ఫాంటు ఫైలు ఇంగ్లీషు దానికన్నా బరువు. అరకు ఘాట్ రోడ్డులో సిగ్నల్ ఒక గీత ఉన్నప్పుడు ఆ బరువు తెలుస్తుంది.

మరి ఫ్రీ వాటి సంగతి ఏంటి? ఫ్రీలో రెండు జాతులున్నాయి, కలిపి చూడకండి. వర్డ్‌ప్రెస్ అధికారిక డైరెక్టరీలో ఉన్నవి ఒక జాతి. జీపీఎల్ లైసెన్సు, అంటే ఎవరైనా వాడుకుని మార్చుకోవచ్చు, రివ్యూ దాటి వస్తాయి, పేజీ అడుగున ఫుటర్‌లో వాళ్ల పేరు తీసేసినా తప్పు లేదు. జెనరేట్‌ప్రెస్, ఆస్ట్రా, కేడెన్స్ ఫ్రీ వెర్షన్లు ఇక్కడివే. 2024 నవంబరులో వర్డ్‌ప్రెస్ 6.7తో వచ్చిన ట్వంటీ ట్వంటీ ఫైవ్ కూడా ఇదే. వీటిలోనూ కొన్నిటికి హెడింగుల లైన్ హైట్ తెలుగుకి చాలదు, పై పదిహేను లైన్లు వాటికీ కావాలి. కాకపోతే ఇక్కడ మీ జేబులోంచి పోయింది ఏమీ లేదు.

రెండో జాతి, ఎక్కడెక్కడి సైట్లలోనో దొరికే ఫ్రీ బ్లాగర్ (గూగుల్ వాళ్ల బ్లాగు సేవ) టెంప్లేట్లు. కొన్నిటిలో ఫుటర్ లింకు తీసేయగానే బ్లాగు తెరిచినవాళ్లు నేరుగా ఆ టెంప్లేట్ తయారుచేసినవాళ్ల సైటుకి వెళ్లిపోతారు. లోపల ఒక స్క్రిప్టు ఆ లింకు ఉందా లేదా అని కాపలా కాస్తుంది. అది షరతు, ఒప్పుకుంటే లింకు ఉంచండి, వద్దనుకుంటే వేరేది చూసుకోండి. పెట్టే ముందు థీమ్ పేజీలో బ్యాకప్ తీసుకోవడం మాత్రం మరవకండి. ఇక పెయిడ్ థీమ్‌ని "నల్డ్" అని, అంటే లైసెన్సు తాళం తీసేసిన దొంగ కాపీగా, ఫ్రీగా ఇచ్చే సైట్ల జోలికి అసలు వెళ్లకండి. ఫంక్షన్స్ ఫైల్లో చదవడానికి వీల్లేని పొడుగాటి అక్షరాల గుట్ట కనిపిస్తే అది మీకు తెలియకుండా పక్క తలుపు తీసే కోడు కావచ్చు.

కొన్నదానిలో ఇంకో ప్రమాదం ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. థీమ్‌తో పాటు ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి తిప్పే స్లైడర్లు, పేజీని ముక్కలుగా పేర్చే పేజీ బిల్డర్లు ఉచితం అంటారు. ఆ ప్లగిన్ల (అదనపు పనులు చేసే ముక్కల) లైసెన్సు మీది కాదు, అప్‌డేట్ థీమ్‌వాళ్ల ద్వారానే రావాలి. 2014 డిసెంబరులో సోక్‌సోక్ మాల్వేర్ వేల సైట్లలోకి దూరింది ఇలాగే. రివల్యూషన్ స్లైడర్ పాత వెర్షన్లో రంధ్రం ఉంది, థీమ్‌తో కలిసి వచ్చింది కాబట్టి అది తమ సైటులో ఉందనే చాలామందికి తెలియదు. పైగా బిల్డర్‌తో రాసిన పోస్టులు, థీమ్ మార్చిన రోజు బ్రాకెట్ల మధ్య కోడు ముక్కలతో నిండిపోవచ్చు. పోస్టుల్ని మామూలు ఎడిటర్‌లోనే రాయండి.

రెన్యువల్ గురించి త్వరగా చెప్పేస్తాను. థీమ్‌లు అమ్మే సైటు థీమ్‌ఫారెస్ట్‌లో రెగ్యులర్ లైసెన్సు ఒక సైటుకే, సపోర్టు 6 నెలలు. ఏడాది చందా థీమ్‌లైతే, 2021 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంకు నియమాల వల్ల మన కార్డుల మీద ఆటో రెన్యువల్ చాలాసార్లు ఆగిపోతుంది. గడువుకి వారం ముందు క్యాలెండర్లో గుర్తు పెట్టుకుని చేత్తో కట్టండి.

ఇప్పుడు నా తీర్పు. రాయడానికే బ్లాగు పెట్టేవాళ్లు డైరెక్టరీలోంచి తేలికైన ఫ్రీ థీమ్ తీసుకోండి. డబ్బు ఖర్చు పెట్టాలనిపిస్తే ఎవరైనా డిజైనర్‌తో దాని మీద చైల్డ్ థీమ్, అంటే మీ మార్పులు విడిగా ఉండే పిల్ల థీమ్, చేయించుకోండి. మాతృ థీమ్ అప్‌డేట్ అయినా మీ మార్పులు చెరిగిపోవు. ద్వారకానగర్‌లోనో సిరిపురంలోనో కూర్చుని పనిచేసేవాళ్లకి అప్పగిస్తే మూడు సంగతులు రాతలో పెట్టించుకోండి: డొమైన్ (సైటు చిరునామా) మీ పేరు మీదే ఉండాలి, చైల్డ్ థీమ్ ఫైళ్లు జిప్‌లో మీకు ఇవ్వాలి, చివరి విడత డబ్బు మీరు మూడు ఫోన్లలో చూశాకే. చూసేటప్పుడు వాళ్లిచ్చే నమూనా ఇంగ్లీషు రాత వద్దు. "ఉత్తరాంధ్ర", "జ్యేష్ఠ", "స్త్రీ", "అప్పన్న" ఉన్న రెండు వరసల పోస్టు పేరు మీరే టైపు చేసి పెట్టండి. పేరా మొదటి అక్షరం పెద్దది చేసే డ్రాప్ క్యాప్ ఉంటే "స్త్రీ"తో మొదలుపెట్టి చూడండి, కొన్ని బ్రౌజర్లలో "స్" ఒక్కటే పెద్దదై "త్రీ" పక్కన చిన్నగా మిగిలిపోతుంది. గూగుల్ వేగం పరీక్ష పేజీస్పీడ్ ఇన్‌సైట్స్‌లో మొబైల్ ట్యాబ్ చూసి ఎల్‌సీపీ (పేజీలో పెద్ద భాగం కనిపించడానికి పట్టే సమయం) 2.5 సెకన్లు దాటకుండా ఉందో లేదో అడగండి.

కొనడం తప్పు అనడం లేదు. సరుకు అమ్మాలి, చందాదారులకి లాగిన్ కావాలి అంటే పెయిడ్‌లో ఆ పని సిద్ధంగా దొరుకుతుంది, అప్పుడు కొనండి.

కామెంట్లలో తరచూ వచ్చే ప్రశ్న ఒకటి, తెలుగు పేరున్న పోస్టు లింకు మధ్యలో తెగిపోవడం. అది ఏ థీమ్ తప్పూ కాదు. తెలుగులో గుణింతం గుర్తు, పొల్లు, సున్నాతో సహా ప్రతిదీ లింకులో 9 అక్షరాలవుతుంది. "విశాఖపట్నం" ఒక్కదానికే 90. వర్డ్‌ప్రెస్ పోస్టు లింకుకి ఇచ్చే చోటు 200. పబ్లిష్ నొక్కే ముందు లింకుని చిన్నగా ఇంగ్లీషు అక్షరాల్లో మార్చేయండి.

తెగిన "అప్పన్న" స్క్రీన్‌షాట్లు, ఆ పదిహేను లైన్లు కలిపి కంపెనీ వాళ్లకి మెయిల్ పంపాను. సరిచేసి అప్‌డేట్ ఇస్తే ఇదే పోస్టు పేరుతో, ఇదే ఫోన్ మీద మళ్లీ చూపిస్తాను.