నూట ఒకటో గదికి ముందు

అధ్యక్షులకు, నిర్వాహకులకు, ఇంతసేపు ఓపిగ్గా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. కృతజ్ఞతలు చెప్పాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు, ఇచ్చిన సమయం తక్కువ. నేరుగా విషయంలోకి వెళ్తాను.

డిస్టోపియా నవలల్లో, అంటే భయంకరమైన సమాజాన్ని ఊహించి రాసే నవలల్లో, నిరంకుశ రాజ్యం భయాన్నీ చిత్రహింసనూ ఎలా వాడుకుంటుంది అన్నది ఇవాళ్టి అంశం. దీని మీద నాకొక ఫిర్యాదు ఉంది. ఆర్వెల్ ‘1984’ పేరెత్తితే చాలు, చర్చంతా టెలిస్క్రీన్ చుట్టూ, అంటే మనుషుల్ని చూస్తూ వింటూ ఉండే ఆ గోడతెర చుట్టూ తిరుగుతుంది. 1949లో వచ్చిన ఆ నవలకు మూడు భాగాలున్నాయి. మన వ్యాసాలు మాత్రం మొదటి భాగం దాటి రావు.

నిఘా సంగతి త్వరగా ముగిస్తాను. టెలిస్క్రీన్ భయపెట్టేది అస్తమానం చూస్తున్నందుకు కాదు, ఎప్పుడు చూస్తోందో తెలియనందుకు. దాంతో ఎవరి ముఖానికి వాళ్ళే కాపలా కాసుకోవాలి. పార్సన్స్ అనే వీరభక్తుడు నిద్రలో పార్టీ నాయకుణ్ణి తిట్టాడు. తలుపు సందులోంచి విని పట్టించింది ఏడేళ్ళ కూతురు. జైల్లో కూర్చుని ఆ తండ్రి, పిల్లను సరిగ్గానే పెంచానని గర్వపడతాడు. జీతమివ్వక్కర్లేని గూఢచారులను ఇంటింటా పెంచుకుంటే తెరలు ఎన్ని ఉంటే ఏం?

ఇక మూడో భాగానికి వద్దాం. పార్టీకి ఎదురుతిరిగిన విన్‌స్టన్‌నీ అతని ప్రియురాలు జూలియానూ అరెస్టు చేశారు. కిటికీల్లేని భవనం. ఎప్పుడూ ఆరని దీపాలు. లోపలున్న విన్‌స్టన్‌కి అది పగలో రాత్రో తెలియదు, అరెస్టయినప్పటి నుంచి తిండి లేదు. కొట్టడం ఇంకా మొదలవలేదు. ఆ గదిలోకి ఆకలితో పుర్రెలా ఎండిపోయిన ఒక మనిషిని తెచ్చి కూర్చోబెడతారు. ఎదురుగా ఉన్న, చుబుకం లోపలికి పోయిన లావుపాటి మనిషి చూడలేక, జేబులోంచి మురికి రొట్టెముక్క తీసి అతనికివ్వబోతాడు. టెలిస్క్రీన్ అరుస్తుంది. భటుడు వచ్చి ఒకే ఒక్క దెబ్బ కొడతాడు. కట్టుడు పళ్ళు రెండు ముక్కలై కింద పడతాయి.

కాసేపటికి ఆ ఎండిపోయినవాణ్ణి నూట ఒకటో గదికి తీసుకెళ్ళమంటారు. ఎవరికి ఏదంటే అన్నిటికన్నా భయమో దాన్నే ఎదురుగా పెట్టే గది అది. అతను కాళ్ళ మీద పడతాడు. నాకు భార్య, ముగ్గురు పిల్లలున్నారు, పెద్దవాడికి ఆరేళ్ళు నిండలేదు, నా కళ్ళ ముందే వాళ్ళ గొంతులు కోయండి, ఆ గదికి మాత్రం వద్దంటాడు. చివరికి, రొట్టె ఇవ్వబోయిన మనిషినే చూపించి, తీసుకెళ్ళాల్సింది నన్ను కాదు, వాణ్ణి అంటాడు.

మీలో ఆ నవల చదివినవాళ్ళు ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఈ రొట్టెముక్క మీకు గుర్తుందా? చివర్లో ఆ గదిలో విన్‌స్టన్‌కి చూపించే ఎలుకలు అందరికీ గుర్తుంటాయి, రొట్టెముక్క ఎవరికీ గుర్తుండదు. నా బాధంతా అదే. ఆ రాజ్యానికి ఏం కావాలో మొత్తం ఆ రెండు పేజీల్లోనే ఉంది. నూట ఒకటో గదిలో విన్‌స్టన్‌కి జరగబోయేది ఇక్కడ ఇంకొకడికి ముందే జరిగిపోయింది.

ఆ తర్వాత హింస మెట్టుమెట్టుగా నడుస్తుంది. మొదట నల్ల యూనిఫారాల భటులు ఐదారుగురు కలిసి కొడతారు. తర్వాత పార్టీ మేధావులు వంతులవారీగా వచ్చి ఏకబిగిన పది, పన్నెండు గంటలు ప్రశ్నలు వేస్తారు. వాళ్ళు పెట్టేవి చిన్న చిన్న బాధలే: చెంపదెబ్బ, చెవి మెలిపెట్టడం, ఒంటికాలి మీద నిలబెట్టడం, మూత్రానికి వెళ్ళనివ్వకపోవడం. మనిషిని కుంగదీసేది ఆ నొప్పి కాదు, అవమానం. మూడోది, విచారణ నడిపే పార్టీ పెద్ద ఓబ్రయన్ చేతిలో ఉండే, నొప్పిని పెంచీ తగ్గించే డయల్. అంకెలు వంద దాకా ఉంటాయి. ముందొకసారి తిప్పి, ఇది నలభై అని చెబుతాడు. నొప్పికి కొలత తెలిశాక ఇంకా అరవై అంకెలు మిగిలి ఉన్నాయన్న లెక్క బాధితుడి బుర్రలో తనంతట తనే నడుస్తుంది. మధ్యమధ్య అదే ఓబ్రయన్ పసిబిడ్డను పట్టుకున్నట్టు భుజాల చుట్టూ చెయ్యేసి లేపుతాడు. బాధ పెట్టేవాడే బాధ ఆపేవాడు కూడా అయినప్పుడు మనసు అతన్నే పట్టుకుని వేలాడుతుంది.

ఇక్కడ చట్టం మాట ఒకటి చెప్పాలి. చిత్రహింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒప్పందం ఆమోదం పొందింది 1984 డిసెంబర్ 10న. ఏడాది అలా కలిసిందంతే. దాని మొదటి అధికరణం శరీరానికీ మనసుకూ కలిగించే తీవ్రమైన బాధ రెండింటినీ చిత్రహింసే అంటుంది. దేనికోసం చేస్తారో చెబుతూ సమాచారం రాబట్టడం, నేరం ఒప్పించడం, శిక్షించడం, బెదిరించడం వంటివి పేర్కొంటుంది. నవలలో ఓబ్రయన్ కూడా ఇదే ప్రశ్న వేస్తాడు: మనుషుల్ని ఇక్కడికెందుకు తెస్తామనుకుంటున్నావు? ఒప్పించడానికి అంటాడు విన్‌స్టన్. కాదు. శిక్షించడానికా? కాదు. నయం చేయడానికి!

జూలియా గురించి తెలిసినదంతా విన్‌స్టన్ అప్పటికే చెప్పేశాడు. అయినా ఆమెకు ద్రోహం చేయలేదని అతనంటే, ఓబ్రయన్ ఒప్పుకుంటాడు. సమాచారమే కావాలనుకుంటే అక్కడితో వదిలేయొచ్చు. వదలడు. ఆమె మీదున్న ప్రేమ ఇంకా లోపల మిగిలుంది కనక నూట ఒకటో గది తెరుచుకుంటుంది. గమనించండి, ఆ గదిలో ఎలుకలు అతన్ని కరవవు. పంజరం ఎలా చేశారో, ఏ మీట నొక్కితే ఏ తలుపు లేస్తుందో ఓబ్రయన్ తాపీగా వివరిస్తాడు, అంతే. నాకు కాదు, జూలియాకు చేయండని విన్‌స్టన్ అరుస్తాడు. ఎలుకలంటే అతనికున్న భయాన్ని రచయిత రెండో భాగంలోనే నాటిపెట్టాడు. కథలు రాసే యువ మిత్రులకు నా విన్నపం ఇదే: రక్తం పారించి భయపెట్టాలనుకోకండి. మూడో పేరాకే పాఠకుడు మొద్దుబారిపోతాడు.

అన్ని రాజ్యాలూ ఇలా గెలవవు. అంతకుముందే రష్యన్ రచయిత జమ్యాతిన్ రాసిన ‘మేము’ నవలలో ఐ-330 అనే స్త్రీని గాజు గంట కింద కూర్చోబెట్టి గాలి తోడేస్తారు. స్పృహ తప్పితే తేరుకునేలా చేసి మళ్ళీ కూర్చోబెడతారు. మూడుసార్లు. ఆమె ఒక్కమాట చెప్పదు. ఊహాశక్తిని తీసేసే ఆపరేషన్ చేయించుకున్న ఆమె ప్రియుడు పక్కనే కూర్చుని చూస్తుంటాడు.

స్వీడిష్ రచయిత్రి కారిన్ బోయె ‘కలొకైన్’ 1940లో వచ్చింది. అందులో నిజం కక్కించే మందు కనిపెడతారు. కుట్రల కోసం వెతికితే దొరికిందేమిటి? ఒకరు నిద్రపోతున్నట్టు పడుకుంటే ఇంకొకరు కత్తి పట్టుకుని పక్కన కూర్చుంటారు, ఏమీ జరగదు. ఒకరినొకరు నమ్ముతున్నామని చూపుకోవడానికి కొందరు పెట్టుకున్న ఆచారం అది. ఈ నమ్మకమే రాజ్యాన్ని గడగడలాడించింది.

మార్గరెట్ ఆట్‌వుడ్ 1985 నవల ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’లో ఉరి తీసేటప్పుడు అక్కడ కూర్చున్న ఆడవాళ్ళందరూ తాడు మీద చెయ్యి వేయాలి. చూసినవాళ్ళంతా ఆ చావులో భాగస్తులే. రేపు ఎవరు ఎవరి ముఖం చూడగలరు?

నిర్వాహకులు చీటీ పంపారు, ముగిస్తాను. ఇంటికెళ్ళి ‘1984’ చివరి అధ్యాయం తీయండి. చలిగాలి వీచే మార్చి రోజున విన్‌స్టన్, జూలియా ఒక పార్కులో ఎదురుపడతారు. ఆమె నుదుటి మీద పొడవాటి మచ్చ. నీకు ద్రోహం చేశానని ఆమె అంటుంది, నేనూ చేశానని అతనంటాడు. ఒకప్పుడు ఇలా కలుసుకున్నందుకే వాళ్ళను పట్టుకున్నారు. ఇప్పుడు వాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చున్నా ఎవరూ పట్టించుకోరు.