మోకాలి ఆపరేషన్ తర్వాత నొప్పి మందు ఎంత, ఎన్నాళ్లు?

(విజయవాడలో పెద్దల సమావేశంలో ఒక మత్తు డాక్టరు ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మోకాలి కీలు మార్చే ఆపరేషన్ అనగానే నన్ను అందరూ అడిగేది ఒకటే: "నొప్పి అసలు తెలియకుండా చేస్తారు కదండీ?" ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ తెలియదు. తర్వాత కొంత ఉంటుంది. అది కూడా ఉండకూడదని పట్టుబడితే ట్రమడాల్, ఫెంటనిల్ లాంటి ఓపియాయిడ్ మందులు, అంటే నల్లమందు తరహా బలమైన నొప్పి మందులు, పెంచుకుంటూ పోవాలి. వాటితో వికారం, మలబద్ధకం వస్తాయి, కొందరికి మూత్రం ఆగిపోతుంది. వయసు మళ్లినవాళ్లు రాత్రిళ్లు ఏదేదో మాట్లాడతారు. మోతాదు మించితే ఊపిరే మందగిస్తుంది. నాకు ఎక్కువ టెన్షన్ మాత్రం, మగతలో బాత్‌రూమ్‌కి లేచి పడిపోతారేమోనని.

అందుకే భారమంతా ఒక్క మందు మీద వేయం. తొడ లోపలివైపు నరం దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇస్తాం. పాత పద్ధతిలో తొడ పైభాగాన ఇస్తే కండ బలం కూడా తగ్గేది. ఇప్పుడది చాలావరకు నిలుస్తుంది కాబట్టి త్వరగా నడిపించవచ్చు. సర్జన్ కీలు చుట్టూ ఇంకో మందు ఎక్కిస్తారు. ఆపైన పారాసెటమాల్, కిడ్నీలూ కడుపూ బాగుంటే వాపు తగ్గించే మాత్ర, ఐస్ ప్యాక్. ట్రమడాల్ వీటికీ లొంగని నొప్పికే.

ఇంటికెళ్లాకే అసలు చిక్కు. పెద్దాయన పగలంతా "ఓర్చుకుంటాలే" అని పారాసెటమాల్ మానేస్తారు. రాత్రి తట్టుకోలేక బలమైన మాత్రలు రెండు వేసుకుంటారు. మామూలు మాత్ర టైముకి పడితే ఆ బలమైనదాని అవసరమే తగ్గుతుంది. లేచి నడవగలిగి, ఫిజియో చెప్పినంత మోకాలు వంచగలిగితే నొప్పి అదుపులో ఉన్నట్టే.

ఇంకొకటి. ట్రమడాల్, పారాసెటమాల్ రెండూ కలిసిన మాత్రలు ఉంటాయి. అవి వాడుతూ డోలో కూడా వేసుకుంటే పారాసెటమాల్ రెండువైపులా చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకైనా రోజుకి 4 గ్రాములు దాటకూడదు. బక్కపలచని వాళ్లకి, లివర్ జబ్బు ఉన్నవాళ్లకి ఇంకా తక్కువే. ఆపరేషన్‌కి ముందే నెలల తరబడి ట్రమడాల్ వాడుతున్నవాళ్లు దాచకుండా చెప్పండి. అలవాటుపడిన ఒంటికి తర్వాత మామూలు మోతాదు ఆనదు.

అలాగని ఈ మందులంటే హడలిపోకండి. క్యాన్సర్ నొప్పికి ఇదే జాతి మందైన మార్ఫిన్ అందక మన దేశంలో బాధపడినవాళ్లు ఎందరో. అది అందేలా 2014లో చట్టమే సవరించారు. ట్రమడాల్‌ని మాత్రం దుర్వినియోగం చూసి 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు.

డిశ్చార్జి రోజున ట్రమడాల్ ఏ తేదీన ఆపాలో అడిగి, స్ట్రిప్ మీదే పెన్నుతో రాయించుకోండి. మిగిలినవి పక్కింటావిడ నడుంనొప్పికి ఇవ్వకండి.