ఆసిలోస్కోపుతో కాలవ్యవధి కొలత: ఏ అంకె వరకు నమ్మాలి?

[తెరపై: స్కోపు డిస్‌ప్లే. రెండు ఎడ్జ్‌ల (సిగ్నల్ ఒక్కసారిగా పెరిగే అంచుల) మధ్య 101.6 నానోసెకన్లు.]

నమస్కారం. 20 మీటర్ల కోయాక్సియల్ కేబుల్‌లోకి ఒక పల్స్ పంపాం. అది రెండో చివరకు చేరడానికి 101.6 నానోసెకన్లు పట్టిందని స్కోపు, అంటే ఓల్టేజీ కాలంతో ఎలా మారుతుందో గీసి చూపే ఆసిలోస్కోపు, అంటోంది. ఆ చివరి 6ని నమ్మవచ్చా? డిజిటల్ స్కోపు అంకెలు చూపించడంలో పిసినారితనం చేయదు. వాటిలో ఎన్ని పనికొస్తాయో డేటాషీటు చూస్తేనే తెలుస్తుంది.

[తెరపై: డేటాషీటులోని ఒక వరుస]

కాలం కొలతలో తప్పు ఎంతవరకు ఉండొచ్చో చెప్పే ఇలాంటి వరుస చవక స్కోపుల్లో సాధారణంగా కనిపిస్తుంది: ఒక శాంపిల్ వ్యవధి (స్కోపు ఓల్టేజీని ఒకసారి చదివాక మళ్లీ చదవడానికి పట్టే సమయం), కొలిచిన విలువలో 50 పీపీఎం (పది లక్షల్లో 50 వంతులు), ఆపై 0.6 నానోసెకన్లు. మొదటిదీ చివరిదీ కొలత పెరిగినా మారవు. మధ్యది సాగిపోయిన టేపులాంటిది, గుడ్డ పొడవు పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంది. 100 నానోసెకన్లలో 50 పీపీఎం అంటే 5 పికోసెకన్లే. అదే 1 సెకను కొలిస్తే 50 మైక్రోసెకన్లు! కాబట్టి చిన్న వ్యవధికి ఒక వైద్యం, పెద్ద వ్యవధికి మరొకటి.

[తెరపై: ఛానెల్ బటన్లు]

ముందు మన కేబుల్ సంగతి. సెకనుకు 100 కోట్ల శాంపిళ్లు అని పెట్టెమీద రాసినా, నాలుగు ఛానెళ్లూ వాడితే చాలా స్కోపుల్లో అది 25 కోట్లకు పడిపోతుంది. అంటే శాంపిల్ వ్యవధి 4 నానోసెకన్లు. అవసరం లేని ఛానెళ్లను ఆపేయండి.

[తెరపై: రెండు ప్రోబులూ ఒకే బిందువు దగ్గర]

తర్వాత రెండు ప్రోబులనూ ఒకే బిందువుకు తగిలించండి. తేడా సున్నా రావాలి, చాలాసార్లు రాదు. ఇలాంటి కేబుల్‌లో సిగ్నల్ మీటరుకు దాదాపు 5 నానోసెకన్లు తీసుకుంటుంది. ప్రోబు తీగల్లో 20 సెంటీమీటర్ల తేడా ఉన్నా 1 నానోసెకను పోయినట్టే. వచ్చిన తేడాను డెస్క్యూ (ఛానెళ్ల మధ్య కాల తేడాను సరిదిద్దే) సెట్టింగులో పెట్టండి, లేదా కొలతలోంచి తీసేయండి. పొడవాటి గ్రౌండ్ క్లిప్ బదులు చిన్న స్ప్రింగు వాడండి. కేబుల్ చివర 50 ఓమ్‌ల టెర్మినేషన్ (సిగ్నల్ వెనక్కి తిరగకుండా మింగేసే రెసిస్టర్) మరిచిపోతే ప్రతిధ్వని వెనక్కి వచ్చి మొదటి చివరలో తరంగాన్ని మెట్లుమెట్లుగా చేస్తుంది. స్కోపు కాలాన్ని ఎడ్జ్ 50 శాతం ఎత్తుకు చేరిన చోట కొలుస్తుంది, అప్పుడు దేన్ని ఆ ఎత్తు అనాలో దానికే తెలియదు.

[తెరపై: నాయిస్‌తో ఊగుతున్న ఎడ్జ్]

ఇక నాయిస్. ఓల్టేజీలోని అలజడి కాలంలో తప్పుగా మారుతుంది. ఎంత మారుతుందో తెలియాలంటే నాయిస్‌ను ఎడ్జ్ వాలుతో భాగించండి. 30 నానోసెకన్లలో 3 ఓల్టులు పెరిగే ఎడ్జ్‌మీద 20 మిల్లీఓల్టుల నాయిస్ ఉంటే, 0.2 నానోసెకన్లు. నాయిస్ తగ్గించాలని 20 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ లిమిట్ (అంతకన్నా వేగమైన మార్పులను వడగట్టే బటన్) నొక్కేవారు ఎందరో. దానివల్ల ఎడ్జ్ కూడా వాలిపోతుంది. ఆ లిమిట్‌కు సొంతంగానే 17.5 నానోసెకన్ల రైజ్ టైమ్ (ఎడ్జ్ పైకెక్కే సమయం) ఉంది. లాభమెంతో లెక్క వేశాకే నొక్కండి. పల్స్ పదేపదే వస్తుంటే యావరేజింగ్ మేలు: 16 సార్లకు యాదృచ్ఛిక నాయిస్ నాలుగో వంతవుతుంది.

[తెరపై: జీపీఎస్ మాడ్యూల్, కిటికీ దగ్గర యాంటెన్నా]

ఇప్పుడు 1 సెకను. నాకు ఇష్టమైన భాగం ఇదే. సెకను మొత్తాన్ని తెరమీద పట్టించాలని చూస్తే మెమరీ చాలదు. కోటి శాంపిళ్లు ఉన్నా ఒక్కోదాని మధ్య 100 నానోసెకన్లు పడుతుంది. అలా కాకుండా మొదటి ఎడ్జ్‌మీద ట్రిగ్గర్ చేసి (అక్కడినుంచి కాలం లెక్కించమని స్కోపుకు చెప్పి), హారిజాంటల్ డిలేను 1 సెకనుకు జరిపి, రెండో ఎడ్జ్‌ను 10 మైక్రోసెకన్ల గడితో చూడండి. శాంపిళ్లు మళ్లీ దగ్గరగా వస్తాయి. మిగిలేది క్రిస్టల్ తప్పు, అంటే స్కోపు లోపలి గడియారం తప్పు, ముందు చెప్పిన ఆ 50 పీపీఎం.

దాన్ని పట్టుకోవడానికి జీపీఎస్ మాడ్యూల్ సెకనుకొకటి ఇచ్చే పల్స్ చాలు. నియో-6ఎం లాంటి పాత మాడ్యూల్‌లోనూ ఆ పల్స్ తప్పు దాదాపు 30 నానోసెకన్లు, మన క్రిస్టల్ ముందు లెక్కలోకి రాదు. తర్వాతి పల్స్ సరిగ్గా సెకను గుర్తు దగ్గర కాక 8 మైక్రోసెకన్లు కుడివైపున కనిపించిందనుకోండి. మీ స్కోపు గడియారం 8 పీపీఎం వేగంగా నడుస్తోంది. ఇకపై ప్రతి సెకనుకూ 8 మైక్రోసెకన్లు తగ్గించి రాసుకోండి. స్కోపు వెలిగించి అరగంట వేడెక్కనిచ్చాకే ఈ పని చేయండి, ముఖ్యమైన కొలత ఉన్న రోజు మళ్లీ చేయండి. ఉష్ణోగ్రత మారితే క్రిస్టల్ మాట కూడా మారుతుంది.

ఖరీదైన స్కోపుల్లో వెనకవైపు 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ సాకెట్ ఉంటుంది. జీపీఎస్‌తో సరిచూసుకునే ఆసిలేటర్‌ను అక్కడ తగిలిస్తే ఈ కూడికలూ తీసివేతలూ అక్కరలేదు. మన బల్లమీది చవక స్కోపుకు ఆ సాకెట్ లేదు, అందుకే ఇంత తతంగం.